వేపరైజరు మీద మంచు: పాత ట్రాక్టరు, ప్రొపేన్, వేడి లెక్క

ప్రొపేన్‌కు, అంటే వంటగ్యాసు జాతి ఇంధనానికి మార్చిన పాత ట్రాక్టరు ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. ఖాళీగా రెండు నిమిషాలు బాగానే తిరుగుతుంది. నాగలి భూమిలో దిగి లోడు పడగానే మిస్సింగ్ మొదలై ఆగిపోతుంది. బానెట్ ఎత్తి చూస్తే, ద్రవ గ్యాసును ఆవిరిగా మార్చే వేపరైజరు మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. ఆ స్థితిలో చాలామంది గ్యాసును గాలితో కలిపే మిక్సరు స్క్రూలు తిప్పడం మొదలుపెడతారు. స్క్రూలు సరిగ్గానే ఉన్నాయి. ద్రవంగా వచ్చిన ప్రొపేన్ ఆవిరి కావడానికి చాలినంత వేడి అందలేదు.

పాత ట్రాక్టరును ఏ ఇంధనానికి మార్చాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఈ ఇంధనానికి వేడి ఎక్కడ కావాలి, ఎక్కడ ఉండకూడదు? కిరసనాయిలుకు ఇన్‌టేక్ మేనిఫోల్డు, అంటే గాలీ ఇంధనమూ సిలిండర్లలోకి వెళ్లే గొట్టం, కాలుతూ ఉండాలి. ప్రొపేన్‌కు వేపరైజరు వేడిగా, మేనిఫోల్డు చల్లగా ఉండాలి. ఆల్కహాలుకు మళ్లీ మేనిఫోల్డు వేడి కావాలి. కట్టెల నుంచి తీసే గ్యాసునైతే ఇంజనుకు చేరేలోపే చల్లార్చాలి. కంప్రెషన్, స్పార్కు, వాల్వులు ఆ తర్వాతి సంగతి.

అమెరికాలో తొలి తరం ట్రాక్టర్లు తయారుచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 1920లో అధికారికంగా ట్రాక్టర్లను పరీక్షించడం మొదలుపెట్టినప్పుడు మొదటి పరీక్షకు నిలిచిన వాటర్లూ బాయ్ కిరసనాయిలుతో నడిచేదే. ఇండియానాలోని లా పోర్ట్‌లో తయారైన రమ్లీ ఆయిల్‌పుల్ ట్రాక్టర్ల రేడియేటర్లో నీళ్లు ఉండవు, నూనె ఉంటుంది. నీళ్లు 100 డిగ్రీలకు మరిగిపోతాయి. నూనె అంతకంటే వేడిగా ఉండగలదు కాబట్టి సిలిండర్ గోడలు కిరసనాయిలు ఆవిరి మళ్లీ ద్రవం కానివ్వనంత వేడిగా నిలుస్తాయి. ఒక ఇంధనం కోసం చల్లబరిచే ద్రవాన్నే మార్చేసిన ఆ ఆలోచన ఇప్పటికీ మెచ్చుకోదగ్గది.

1930, 40 దశకాల్లో వచ్చిన ‘ఆల్ ఫ్యూయల్’ ట్రాక్టర్లు ఇదే పని మేనిఫోల్డుతో చేశాయి. ఎగ్జాస్టు వేడి నేరుగా ఇన్‌టేక్ గోడకు తగిలేలా పోత పోసిన మేనిఫోల్డు, రేడియేటరు ముందు తెర, పెట్రోలుకు ఒక చిన్న ట్యాంకు, డిస్టిలేట్ (కిరసనాయిలు లాంటి చవక నూనె) లేదా కిరసనాయిలుకు పెద్ద ట్యాంకు. పెట్రోలుతో స్టార్టు చేయాలి, నీళ్లు 85, 90 డిగ్రీలకు చేరాక పెద్ద ట్యాంకుకు తిప్పాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి, కార్బొరేటరు గిన్నెలో మిగిలిన కిరసనాయిలు అయిపోయేదాకా నడపాలి. పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలుకు తిప్పే చిన్న పంపుసెట్లను చూసిన తెలుగు రైతులకు ఇది కొత్తగా అనిపించదు. సూత్రం ఒకటే. ఈ ఇంజన్లలో కంప్రెషన్, అంటే సిలిండరులో మిశ్రమం ఎన్ని రెట్లు కుదించుకుంటుందన్న లెక్క, 4, 5 మధ్యనే ఉంటుంది, ఎందుకంటే అంతకు మించితే కిరసనాయిలు నాకింగ్ ఇస్తుంది, అంటే అదుపు తప్పి టకటకమని పేలుతుంది.

ప్రొపేన్‌కు మార్చేటప్పుడు మొదటి పొరపాటు జరిగేది సరిగ్గా ఇలాంటి ఇంజన్ల మీదే.

ప్రొపేన్ ఏం కోరుతుంది

కంపెనీ నుంచే ఎల్పీ గ్యాసుతో, అంటే ఒత్తిడితో ద్రవంగా మార్చిన ప్రొపేన్ వంటి గ్యాసుతో వచ్చిన మొదటి ట్రాక్టరుగా మినియాపొలిస్ మొలీన్ వారి యూ మోడలుకు పేరు. సంవత్సరం 1941. తర్వాతి పదేళ్లలో మిగతా కంపెనీలూ వచ్చి చేరాయి. జాన్ డీర్ 70 మోడలునైతే పెట్రోలు, ఆల్ ఫ్యూయల్, ఎల్పీ గ్యాసు, డీజిలు అని నాలుగు రకాలుగా అమ్మారు. సహజవాయువు శుద్ధిచేసే ప్లాంట్లు దగ్గరగా ఉన్న టెక్సాస్, ఓక్లహామా, కాన్సస్ పల్లెల్లో ప్రొపేన్ చవక. పైగా ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి పెద్ద ట్యాంకు రైతు పెరట్లోనే ఉండేది.

నాకింగ్‌ను తట్టుకునే శక్తిని చెప్పే ఆక్టేన్ సంఖ్య ప్రొపేన్‌కు 110 దాకా ఉంటుంది. మరిగే స్థానం సున్నాకు దిగువన 42 డిగ్రీలు. లీటరు బరువు అరకిలోకు కాస్త పైన. లీటరుకు వచ్చే శక్తి పెట్రోలులో సుమారు మూడు వంతుల్లో రెండు నుంచి నాలుగింట మూడు వంతుల మధ్య. అందుకే కంప్రెషన్ మార్చకుండా గ్యాసు పెట్టినవారికి మొదట కనిపించేది లీటర్ల ఖర్చు పెరగడం. దానితోపాటు బలం కూడా కొంత తగ్గుతుంది. ఒక వంతు ప్రొపేన్ ఆవిరికి 24 వంతుల గాలి కావాలి. అంటే సిలిండరులోకి వెళ్లే గాలిలో 4 శాతం చోటు గ్యాసే ఆక్రమిస్తుంది. పెట్రోలు తుంపర్లు మేనిఫోల్డులో ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. ముందే ఆవిరై వచ్చే ప్రొపేన్‌తో ఆ లాభం ఉండదు.

పోయిన బలాన్ని తిరిగి రాబట్టే మార్గాలు రెండు. ఒకటి కంప్రెషన్ పెంచడం. 5.5 నుంచి 8.5కు పెంచితే కాగితం మీది లెక్కలో సామర్థ్యం 16 శాతం దాకా పెరుగుతుంది. అంతా చేతికి రాదు, కానీ సగం వచ్చినా తేడా తెలుస్తుంది. ఎత్తు పెరిగిన పిస్టన్లు వేయడం మంచి పద్ధతి. హెడ్ చెక్కించడం చవక, కానీ ఎంత చెక్కితే ఎంత పెరుగుతుందో ముందే నూనె పోసి ఛాంబరు కొలిచి చూసుకోవాలి, పుష్‌రాడ్ల పొడవు సరిపోతుందో లేదో చూడాలి. కంప్రెషన్ పెంచాక పాత బేరింగుల మీద, హెడ్ గాస్కెట్ మీద భారం పెరుగుతుంది. అరిగిన ఇంజనుకు ఈ పని పెట్టుకోకూడదు.

రెండోది మేనిఫోల్డు వేడి తీసేయడం. ఆల్ ఫ్యూయల్ మేనిఫోల్డు మీదే ప్రొపేన్ మిక్సరు బిగిస్తే ఇంజను వేడిగాలి పీలుస్తుంది. వేడిగాలి పలచన, కాబట్టి ప్రతి స్ట్రోకులో తక్కువ గాలి, తక్కువ బలం. కొన్ని ట్రాక్టర్లలో ఎగ్జాస్టును మేనిఫోల్డు వైపు మళ్లించే రేకు ఉంటుంది, దాన్ని చల్లటి వైపుకు తిప్పి బిగించేయాలి. ఆ రేకు తుప్పుపట్టి వేడి వైపే ఇరుక్కుపోయి ఉండటం పాత బండ్లలో తరచూ కనిపిస్తుంది. వీలైతే ఇన్‌టేక్, ఎగ్జాస్టు విడివిడిగా ఉండే మేనిఫోల్డు వేయాలి.

వేపరైజరు, నీళ్ల దారి

40 హార్స్‌పవర్ లోడు మీద నడిచే ట్రాక్టరు గంటకు 17 లీటర్ల పైచిలుకు, అంటే 8.5 కిలోలకు పైగా ప్రొపేన్ తాగుతుంది. అంత ద్రవాన్ని ఆవిరి చేయడానికి నిరంతరంగా దాదాపు ఒక కిలోవాటు వేడి కావాలి. ఇంట్లో బకెట్టు నీళ్లు కాచే చిన్న హీటరంత. ఇంజను రేడియేటర్లోకి ఒదిలేసే వేడితో పోలిస్తే ఇది చాలా తక్కువ, కానీ ఆ కాస్త వేడి కూడా వేపరైజరుకు చేరాలంటే నీళ్లు అందులోంచి పారాలి.

పాత ట్రాక్టర్లలో ఇక్కడే చిక్కు. జాన్ డీర్ ఏ, బీ వంటి మోడళ్లలో నీళ్ల పంపు ఉండదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి, చల్లారినవి కిందకు, అలా వాటంతటవే తిరుగుతాయి. ఆ ప్రవాహానికి తోసే బలం దాదాపు ఉండదు. వేపరైజరును బానెట్ పైన ఎత్తున పెట్టి సన్నటి పైపులతో కలిపితే చుక్క కూడా కదలదు. దాన్ని ఇంజను హెడ్ కంటే దిగువన, రేడియేటరు కింది పైపుకు దగ్గరగా పెట్టాలి. హెడ్ నుంచి వచ్చే పైపు ఎక్కడా మళ్లీ ఎత్తుకు పోకూడదు, వెడల్పుగా ఉండాలి, గాలి నిలిచే మలుపులు ఉండకూడదు. ఇవన్నీ చేసినా చలిలో చాలకపోతే చిన్న ఎలక్ట్రిక్ నీళ్ల పంపు ఒక్కటే దారి. పంపు ఉన్న ఇంజన్లలో ఈ బాధ లేదు. థర్మోస్టాటుకు ముందు నుంచి వేడినీళ్లు తీసి పంపు పీల్చే వైపు కలిపితే సరిపోతుంది.

పాత ట్రాక్టర్లకు ఎన్సైన్, సెంచరీ వంటి కంపెనీల రెగ్యులేటర్లు వచ్చేవి. ఇప్పుడు మారుస్తున్నవాళ్లు ఎక్కువగా ఫోర్క్‌లిఫ్టు సామాను వాడుతున్నారు: ఇంప్కో వేపరైజరు, సీఏ100 మిక్సరు, ఇంజను ఆగితే గ్యాసును ఆపే వీఎఫ్ఎఫ్30 లాకాఫ్ వాల్వు. ఇంజనుకు మించిన సైజు మిక్సరు పెడితే స్లోలో ఆడదు, ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు ఊగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, గవర్నరు కడ్డీ పూర్తిగా లాగినప్పుడు మిక్సరు రేకు కూడా పూర్తిగా తెరుచుకోవాలి, వదిలితే పూర్తిగా మూసుకోవాలి. ఈ కొలత సరిచూడకుండా వదిలేసి, బలం లేదని గ్యాసును నిందించడం అన్యాయం.

ఈ వేపరైజరులో ఒత్తిడి రెండు మెట్లలో దిగుతుంది. ట్యాంకులో ఎండాకాలం మధ్యాహ్నం 150, 170 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఉండే ఒత్తిడి మొదటి మెట్టులో 1.5 పీఎస్ఐకి వస్తుంది. రెండో మెట్టు వాల్వు ఇంజను పీలిస్తేనే తెరుచుకుంటుంది, అది కూడా ఒకటిన్నర అంగుళాల నీటి మట్టమంత పీల్పు ఉంటేనే. ఇంజను తిరగకపోతే గ్యాసు రాకూడదు. ఇగ్నిషన్ తాళం ఆన్‌లో ఉండి ఇంజను ఆగి ఉన్నప్పుడు మిక్సరు దగ్గర వాసన వస్తే ఆ రెండో వాల్వు సీటు కింద నలక పడిందని, లేదా రబ్బరు గట్టిపడిందని అర్థం. అలాంటి ట్రాక్టరును షెడ్డులోకి తీసుకుపోకూడదు. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలమీదే పాకుతుంది, సర్వీసు గుంతలో నిండి కూర్చుంటుంది.

ప్లగ్గులు, టాపెట్లు

గ్యాసు మిశ్రమాన్ని అంటించడానికి స్పార్కుకు ఎక్కువ వోల్టేజి కావాలి. పెట్రోలు మీద ఏ తేడా చూపని పాత ప్లగ్గు వైరు గ్యాసు మీద లోడులో మిస్సవుతుంది. ప్లగ్గు ఒక మెట్టు చల్లటిది వేయాలి, గ్యాపు 0.5, 0.6 మిల్లీమీటర్ల మధ్య పెట్టాలి. బ్యాటరీ లేకుండా తానే స్పార్కు పుట్టించే మ్యాగ్నెటోతో నడిచే ట్రాక్టరైతే దాన్ని బాగుచేయించకుండా గ్యాసు జోలికి పోవడం దండగ. స్పార్కు పడే టైమింగును స్లోలో కాస్త ముందుకు జరపొచ్చు, కానీ ఫుల్ స్పీడులో మొత్తం అడ్వాన్సు పెట్రోలు కంటే మించకుండా చూసుకోవాలి. మిశ్రమం పలచబడి వెనక్కి పేలితే మిక్సరులోని డయాఫ్రమ్ (పలచటి రబ్బరు పొర) ఒక్క దెబ్బకు చిరిగిపోతుంది.

ఎగ్జాస్టు వాల్వుల విషయంలో గ్యాసు కఠినంగానే ఉంటుంది. పాత రోజుల పెట్రోలులో ఉండే సీసం వాల్వుకూ సీటుకూ మధ్య మెత్తటి పొరలా పనిచేసేది. ప్రొపేన్ పొడిగా మండుతుంది, ఏ పొరా మిగల్చదు. మెత్తటి పోత ఇనుప సీట్లలోకి వాల్వు కొద్దికొద్దిగా దిగిపోతుంది. ఇది శబ్దంతో తెలియదు. వాల్వును తెరిచే టాపెట్ దగ్గరి గ్యాపు పెరిగితే చప్పుడు వస్తుంది, కానీ వాల్వు సీటులోకి దిగినప్పుడు గ్యాపు తగ్గుతుంది. ఇంజను ముందుకంటే నిశ్శబ్దంగా తిరుగుతుంది, యజమాని సంతోషిస్తాడు, ఒక రోజు వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. మొదటి 100 గంటల్లో పాతిక గంటలకోసారి ఫీలర్ గేజి పెట్టి ఒక్కో సిలిండరు కొలత పుస్తకంలో రాసుకోవాలి. ఏ ఒక్క ఎగ్జాస్టు గ్యాపైనా వరుసగా తగ్గుతూ పోతుంటే హెడ్ విప్పి గట్టి సీటు రింగులు, స్టెల్లైట్ అనే గట్టి లోహపు పూత ఉన్న వాల్వులు వేయాల్సిందే.

ఇంజను ఆయిలు చాలాకాలం తేనె రంగులోనే ఉంటుంది. మసి పడదు, కిరసనాయిలులా కిందికి కారి పలచన చేయదు. అయితే రంగు చూసి ఆయిలు మార్చడం మానకూడదు, వేడికి ఆయిలు చిక్కబడటం రంగులో కనిపించదు.

ట్యాంకు దగ్గర పొరపాటుకు తావులేదు

పాత ట్రాక్టరు మీది అసలు ట్యాంకును వాడాలనుకుంటే మొదట చూడాల్సింది దాని మీది రేకు బిళ్ల. తయారీ ప్రమాణం, పని ఒత్తిడి చదవడానికి వీలులేకపోతే, దాని మీద రంగు వేసి అక్షరాలు పూడిపోతే, అమెరికాలో గ్యాసు నింపేవాళ్లు చాలామంది నింపరు. అది సరైన పనే. ట్యాంకు బాగున్నా సేఫ్టీ వాల్వు కొత్తది వేయాలి. ట్యాంకుకు వెల్డింగు మాత్రం తాకనివ్వకూడదు, బ్రాకెట్టు అతికించడానికైనా సరే. పాత ట్యాంకు వద్దనుకునేవారు ఫోర్క్‌లిఫ్టు సిలిండరు వాడతారు. అందులో 33.5 పౌండ్లు, అంటే 15 కిలోల ప్రొపేన్ పడుతుంది. 40 హార్స్‌పవర్ మీద అది రెండు గంటలు కూడా రాదు. ఊరేగింపులకు, చిన్న పనులకు చాలు.

ఫోర్క్‌లిఫ్టు సిలిండరు ద్రవాన్ని ఇస్తుంది. వంట సిలిండరు వంటిది నిలబెట్టి వాడితే పైనున్న ఆవిరి మాత్రమే ఇస్తుంది. ఆవిరి తీసుకుంటూ పోతే సిలిండరే వేపరైజరవుతుంది, తనలోని వేడినే వాడుకుని చల్లబడి, ఒత్తిడి పడిపోయి, పావుగంటలో ఇంజను ఆకలితో ఆగిపోతుంది.

ఏ ట్యాంకునైనా 80 శాతానికి మించి నింపకూడదు. ఎండకు ద్రవ ప్రొపేన్ నీళ్లకంటే ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది. ఇదే కారణంతో రెండు మూసిన వాల్వుల మధ్య పైపులో ద్రవం చిక్కుకుపోతే పైపు పగులుతుంది, కాబట్టి అలాంటి ప్రతి ముక్కకూ చిన్న రిలీఫ్ వాల్వు ఉండాలి. గొట్టాలు ఎల్పీ గ్యాసుకు తయారైనవే కావాలి. డీజిలు గొట్టం కొన్నాళ్లు పనిచేసినట్టే ఉండి లోపలి పొర ఉబ్బి ఊడిపోతుంది. ప్రతి జాయింటునూ సబ్బు నురగతో చూడాలి, ముక్కుతో కాదు.

కంపెనీ ట్యాంకులకు రెండు కుళాయిలుంటాయి, ఒకటి ఆవిరికి, ఒకటి ద్రవానికి. చల్లటి ఇంజనును ఆవిరి మీద స్టార్టు చేసి, వేపరైజరు పైపు చేతికి వెచ్చగా తగిలాక ద్రవం కుళాయి తెరిచి, ఆవిరిది మూయాలి. తెరవడం మెల్లగా, పావు తిప్పు చొప్పున సాగాలి. గభాలున తిప్పితే లోపల ‘టక్’మని చప్పుడు వస్తుంది. పైపు తెగిందనుకుని గ్యాసును ఆపేసే వాల్వు మూసుకున్న చప్పుడది. ఆ తర్వాత ఎంత తిప్పినా గ్యాసు రాదు. కుళాయి పూర్తిగా మూసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ మెల్లగా తెరవాలి. ఆపేటప్పుడు తాళం తిప్పకూడదు. ట్యాంకు కుళాయి మూసి, పైపులో గ్యాసు అయిపోయి ఇంజను తనంతట తానే ఆగాక తాళం తీయాలి.

మంచు చెప్పే సంగతులు

గ్యాసు బండిలో మంచును చదవడం వస్తే సగం మెకానిక్ పని వచ్చినట్టే. ఒత్తిడి ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో అక్కడే చల్లబడుతుంది, అక్కడే మంచు పడుతుంది. లాకాఫ్ ఫిల్టరు మీద మంచు ఉంటే ఫిల్టరు మూసుకుపోయింది. ట్యాంకు కుళాయి మెడ దగ్గర మంచు ఉంటే కుళాయి సగమే తెరుచుకుంది. పైపు మధ్యలో ఒక్క బెత్తెడు మేర మంచు ఉంటే అక్కడ పైపు నొక్కుకుపోయింది. ఇవేవీ కాకుండా వేపరైజరు మొత్తం తెల్లబడితే నీళ్లు చూడాలి: రేడియేటర్లో మట్టం తగ్గిందా, ఏర్‌లాక్ పట్టిందా, లేదా ఇంజను ఇంకా వేడెక్కకముందే ద్రవానికి తిప్పారా?

మంచు లేకుండా వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. స్లోలో ఇంజను ముక్కు మండేలా పొగ వేస్తుంటే వేపరైజరు అడుగు ప్లగ్గు విప్పాలి. గ్యాసుతో వచ్చే జిడ్డు అక్కడ చేరి డయాఫ్రమ్‌ను బరువెక్కిస్తుంది. ఆయిల్ బాత్ ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా మిశ్రమం చిక్కబడుతుంది, ఎందుకంటే రెగ్యులేటరుకు బయటి గాలే కొలమానం, ఇంజనుకు మాత్రం తక్కువ గాలి అందుతుంది. ప్రొపేన్‌లో కూడా తరగతులున్నాయి. ఇంజన్లకు వాడే హెచ్‌డీ5 రకంలో కనీసం 90 శాతం ప్రొపేన్ ఉండాలి, ప్రొపిలీన్ 5 శాతం మించకూడదు. ప్రొపిలీన్ పెరిగితే నాకింగ్ వస్తుంది, రబ్బరు భాగాలకు జిగురు పడుతుంది.

మిగతా ఇంధనాలు

ఆల్కహాలు, అంటే ఇథనాలు, ఆక్టేనులో ప్రొపేన్‌కు తీసిపోదు. అయితే దాన్ని ఆవిరి చేయడానికి, అదే గాలికి సరిపడా లెక్క వేస్తే, పెట్రోలు కంటే దాదాపు నాలుగు రెట్లు వేడి కావాలి. ఆల్ ఫ్యూయల్ మేనిఫోల్డు ఇక్కడ వరం. కంప్రెషన్ మాత్రం పెంచుకోవాలి. నికార్సయిన ఇథనాలుకు మెయిన్ జెట్టు వ్యాసం పాతిక శాతం దాకా పెరగాలి. చలి ఉదయాల్లో స్టార్టు కాదు, చిన్న ట్యాంకులో పెట్రోలు ఉంచుకోవాల్సిందే. పాత కార్బొరేటర్లలో గిన్నెలో తేలుతూ ఇంధనం మట్టాన్ని అదుపు చేసే, లక్క పూసిన కార్కు ఫ్లోట్లు ఉంటాయి. ఆల్కహాలు లక్కను కరిగిస్తుంది, కార్కు తడిసి మునుగుతుంది, కార్బొరేటరు పొంగుతుంది. ఇప్పుడు మన బంకుల్లో పోసే 20 శాతం ఇథనాలు పెట్రోలును పాత ఇంజన్లలో వాడినా ఈ బాధ కొంత ఉంటుంది, పైగా నెలల తరబడి ట్యాంకులో నిలవుంచితే తేమ పీల్చి నీళ్లు విడిపోతాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకని ఐరోపాలో కట్టె గ్యాసుతో నడిచిన ట్రాక్టర్లు అనేకం. రెండున్నర, మూడు కిలోల ఎండు కట్టె లీటరు పెట్రోలుకు సమానం. బలం పెట్రోలులో 60, 65 శాతమే. కట్టెను గ్యాసుగా మార్చే గ్యాసిఫయరు నుంచి వందల డిగ్రీల వేడితో వచ్చే గ్యాసును చల్లార్చి, తారు వడకట్టి ఇంజనుకు ఇవ్వాలి, లేకుంటే ఇన్‌టేక్ వాల్వులు తారుతో అతుక్కుపోతాయి. ఆ గ్యాసులో అయిదో వంతు కార్బన్ మోనాక్సైడ్. వాసన లేని విషం. కప్పు కింద దీన్ని మండించకూడదు.

మన ట్రాక్టర్ల సంగతి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పొలాల్లోవి దాదాపు అన్నీ డీజిలు ట్రాక్టర్లు. పైన చెప్పినవేవీ వాటికి నేరుగా వర్తించవు. డీజిలు ఇంజనులో ప్లగ్గు లేదు. 16, 18 కంప్రెషన్‌లో వేడెక్కిన గాలే డీజిలును అంటిస్తుంది. గ్యాసును గాలితో కలిపి లోపలికి పంపి కొంచెం డీజిలుతో అంటించే పద్ధతి ఒకటుంది, కానీ గ్యాసు పాలు పెరిగితే అంతటి కంప్రెషన్‌లో నాకింగ్ వచ్చి పిస్టన్లు పగులుతాయి. పూర్తిగా గ్యాసుకు మార్చాలంటే ఇంజెక్టర్ల చోట ప్లగ్గులు, కంప్రెషన్ తగ్గించిన పిస్టన్లు, కొత్త గవర్నరు అమరిక అన్నీ కావాలి. 2021 ఫిబ్రవరిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఢిల్లీలో ఆవిష్కరించిన డీజిలు నుంచి మార్చిన సీఎన్‌జీ ట్రాక్టరు ఈ దిశలో జరిగిన ప్రయత్నమే.

మన వంట గ్యాసు శుద్ధ ప్రొపేన్ కాదు, బ్యూటేన్ కలిసిన మిశ్రమం. బ్యూటేన్ ఆక్టేన్ తక్కువ కాబట్టి ప్రొపేన్‌కు సరిపోయే కంప్రెషన్ దానికి ఎక్కువవుతుంది. అసలు ఇంటి సిలిండరును బండికి వాడటమే 2000 నాటి ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం నేరం. పాత పెట్రోలు ట్రాక్టరును అపురూపంగా కాపాడుకుంటూ గ్యాసుకు మార్చాలనుకునేవారు ఆటో ఎల్పీజీ ట్యాంకు, ఆ ట్యాంకుకు ఆమోదం పొందిన వాల్వులు, ఆటో ఎల్పీజీ బంకు నుంచి ఇంధనం తీసుకోవాలి. కంప్రెషన్ 8 దగ్గరే ఆపాలి. మన ఎండల్లో ఇంజను స్టార్టయ్యే సమయానికి ట్యాంకులో ఒత్తిడి పుష్కలంగా ఉంటుంది, కానీ జనవరి తెల్లవారుజామున బ్యూటేన్ పాలు ఎక్కువున్న గ్యాసు నీరసంగా ఆవిరవుతుంది. ఆ గంటలో వేపరైజరు మీద ఒక చెంబెడు గోరువెచ్చని నీళ్లు పోస్తే చాలు. దాని మీద మంట మాత్రం చూపకూడదు.